వడ్రంగిపిట్ట గొంతు మీది చుక్కలు



పకపకా నవ్వినట్టు అరుస్తూ, చెట్టు నుంచి చెట్టుకు ఎగిరే బంగారు వీపు వడ్రంగిపిట్టను మీరు చూసే ఉంటారు. హోసూరులో చూసినా, ఒడిశాలోని జయపురంలో చూసినా మనకది ఒకటే పిట్ట. శాస్త్రజ్ఞులు మాత్రం దాన్ని ప్రాంతాన్ని బట్టి ఉపజాతులుగా విడదీశారు. అదెలా తేల్చారో ఈరోజు చెప్పుకుందాం.

తూర్పు కనుమల్లో 1929లో వెర్నే సర్వే మొదలైంది. షెవరాయ్ కొండలు, నల్లమల, జయపురం ఏజెన్సీలలో పక్షులను సేకరించారు. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో ఇదే పని చేశారు. చర్మం ఒలిచి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి దాచేవారు. చీటీ మీద ఊరు, తేదీ, ఆడో మగో రాసి ఉండాలి. అది ఊడిపోతే ఆ నమూనా ఈ పనికి కొరగాదు.

పోల్చడానికి ఒకటీ అరా పిట్టలు చాలవు. ప్రతి ప్రాంతం నుంచీ ఒక వరుస కావాలి. వాటిని వెల్లకిలా పేర్చి పగటి వెలుతురులో చూడాలి. మగదాన్ని మగదానితోనే పోల్చాలి. మగదాని నెత్తంతా ఎరుపు, ఆడదానికి నుదురు నలుపు, దాని మీద తెల్లచుక్కలు. నెలలు కూడా కలవాలి. కొత్త ఈకల రంగు ఎండకు వెలిసి, కొమ్మలకు రాసుకుని అరిగాక ఉండదు కదా! పైగా బీరువాలో ఏళ్లు గడిస్తే కొన్ని పక్షుల ఈకలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ మార్పును చూసి కొత్త ఉపజాతి దొరికిందనుకుంటే నవ్వులపాలే.

ఇవన్నీ సరిచూసుకున్నాకే గొంతు దగ్గరికి వస్తారు. ఉత్తరాది పిట్ట గొంతులో తెలుపు ఎక్కువ. దక్షిణాదిదానికి నల్లని గొంతు మీద చిన్న తెల్లచుక్కలుంటాయి. కేరళ కనుమలదానికి ఆ చుక్కలు మరీ సన్నం, వీపు మీద ఆకుపచ్చ ఛాయ. దీనికి 1934లో విస్లర్, కిన్నియర్ అనే ఇద్దరు, సలీం అలీ భార్య తెహ్మినా పేరు పెట్టారు.

మరి ఒకటి ముగిసి ఇంకొకటి మొదలయ్యేదెక్కడ? అక్కడ గీత ఏమీ ఉండదు. శ్రీలంకలో ఉత్తరాన పసుపు వీపు, దక్షిణాన ఎర్ర వీపు. నడుమ రెండూ కలిసిన పిట్టలు. ఆ ఎర్ర వీపుదాన్ని ఇప్పుడు చాలామంది వేరే జాతిగానే లెక్కిస్తున్నారు. ఒక ప్రాంతపు పిట్టల్లో నూటికి 75 అయినా, పక్క ప్రాంతపు పిట్టల్లో దాదాపు అన్నిటి నుంచీ వేరుపడితేనే ఉపజాతి అనాలని 1949లో అమాడన్ ఒక నియమం సూచించారు. మిగిలిన 25 మాటేమిటని అడగవచ్చు. నా దృష్టిలో అసలు ఆసక్తికరమైనవి అవే.

1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక, అనుమతి లేనిదే పిట్టను పట్టకూడదు. అందుకే పాత నమూనాల విలువ పెరిగింది; వాటి కాలివేలి చర్మం ముక్క నుంచి నేడు డి.ఎన్.ఎ. కూడా తీస్తున్నారు. మీరు ఫొటో తీస్తే మాత్రం వీపుతో ఆపకండి. గొంతు కనబడేలా మరొకటి తీసి, వెనకాల ఊరు, తేదీ రాసి ఉంచండి.