దర్బార్ పోయింది, మరి మన రెగ్యులేషన్?



ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌లో 340 గదులున్నాయి. వాటిలో రెండింటికి 2024 జులై 25న పేర్లు మార్చారు. దర్బార్ హాల్ 'గణతంత్ర మండప్' అయింది, అశోక్ హాల్ 'అశోక్ మండప్' అయింది. అప్పటికి ఆ ఇంట్లో ఉన్నది సంతాల్ బిడ్డ ద్రౌపది ముర్ము. పేర్లే కదా, మనకేంటి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనట్లా అనుకోను.

దర్బార్ హాల్‌ను మొదట్లో థ్రోన్ రూమ్ అనేవాళ్లు. వైస్రాయికొకటి, ఆయన భార్యకొకటి, రెండు సింహాసనాలు. ఆ భవనం కట్టడం 1912లో మొదలై 1929లో పూర్తయింది. సరిగ్గా ఆ నడుమే, 1922 నుంచి 1924 దాకా, మన గూడెం, రంప కొండల్లో తిరుగుబాటు నడిచింది. బ్రిటిషోళ్లు దాన్ని పితూరీ అన్నారు. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ, అందుకే లేచారు జనం. అల్లూరి పేరు అందరికీ తెలుసు. గాం గంటం దొర, మల్లు దొర పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అక్కడ సింహాసనం గదికి గోడలు లేస్తుంటే ఇక్కడ వీళ్లు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. కాబట్టి దర్బార్ అనే మాట పోయినందుకు నాకు సంతోషమే.

రెండో గది వైస్రాయిల కాలంలో డాన్సుల హాలు. అశోక్ అంటే శోకం లేనిదని వివరణ ఇచ్చారు. సరే. కానీ అశోకుడి పదమూడో శిలాశాసనం ఒకసారి చదవండి. కళింగలో జరిగిన చావులకు బాధపడ్డానన్న ఆ శాసనంలోనే అడవి జనానికి హెచ్చరిక కూడా ఉంది. పశ్చాత్తాపం ఉన్నా శిక్షించే బలం ఉందనీ, దారికి రావాలనీ దాని సారాంశం. శోకం ఎవరికి లేదో మీరే చెప్పండి.

ఇక అసలు విషయం. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక ఆదివాసులకేనన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్న మన అక్కలు, తమ్ముళ్లు ఎంతమందో మీ ఊళ్లోనే లెక్కపెట్టుకోండి. అయిదో షెడ్యూల్ అయిదో పేరా ప్రకారం గవర్నర్ గిరిజన సలహా మండలిని సంప్రదించి రెగ్యులేషన్ చేయొచ్చు. మన భూముల్ని కాపాడుతున్న 1/70 అట్లా వచ్చిందే. అయితే రాష్ట్రపతి ఆమోదించేదాకా ఏ రెగ్యులేషనూ చెల్లదు. అంటే మన కాగితం చివరికి చేరాల్సింది ఆ ఇంటికే.

అందుకే అడుగుతున్నా. టీచరు పోస్టులకు రెగ్యులేషన్ కావాలని ప్రతి గ్రామసభలో తీర్మానం రాయించండి. ఒక కాపీ గవర్నర్‌కు, ఒకటి సలహా మండలికి, ఒకటి రాష్ట్రపతి భవన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదులు మాత్రం పారేయకండి.