భుజములు, శ్వాసము



సూరతులోని డిండోలి, లింబాయతు పేటలందు తెలుగు నేతకుటుంబములు అనేకము నివసించుచున్నవి. తెలంగాణపు ఊళ్లనుండి మరమగ్గముల పనికై వెళ్లినవారును, వారి సంతతియు వీరు. మరమగ్గము నడపువాడు 12 గంటల షిఫ్టులో మగ్గమునుండి మగ్గమునకు తిరుగుచు, తెగిన పోగు నతుకుటకు మాటిమాటికి వంగుచుండును. ఢిల్లీ సచివాలయమున గుమాస్తా ఫైలుపైననో, కంప్యూటరు ముందరనో వంగును. జీతములు వేరు, గూని ఒక్కటే.

ఇరువురకును లభించు సలహాయు ఒక్కటే: రొమ్ము విరువుము, భుజములు వెనుకకు లాగుము. ఇది సగము మాత్రమే నిజము.

ఊపిరితిత్తులకు తమంత తాము వ్యాకోచించు శక్తి లేదు. వాని క్రింద గొడుగువలె పరచుకొన్న ఉదరవితానము ముడుచుకొని దిగినపుడు గాలి లోనికి వచ్చును. సడలి పైకి లేచినపుడు వెలికి పోవును. వంగి కూర్చున్నవానికి కడుపు నొక్కుకొని, ప్రక్కటెముకలు విచ్చుకొనుటకు తావు చాలదు. కాబట్టి నిటారుగా కూర్చుండుట మేలే. చిక్కు వేరొకచోట నున్నది. భుజఫలకములను బలవంతముగా దగ్గరకు బిగించువాడు తెలియకయే నడుము లోనికి వంచి, క్రింది ప్రక్కటెముకలను ముందునకు పొడుచుకొని రానిచ్చి, ఊపిరి బిగబట్టును. అప్పుడు ఉదరవితానము చక్కగా పైకి లేవజాలదు. శ్వాస తీయు భారము మెడకండరములపై పడును. చూచువారికి సైనికునివలె కనబడును. ఆతనికి మాత్రము మెడ లాగి, ఆయాసము కలుగవచ్చును.

భుజమునకును ప్రక్కటెముకలకును గల పొత్తు సామాన్యము కాదు. పరుగెత్తి అలసినవాడు మోకాళ్లపై చేతులూని నిలుచుట చూచియేయుందురు. చేతులు స్థిరపడినచో, భుజములనుండి ఎముకల గూటికి పోవు కండరములు ఆ గూటిని పైకెత్తుటకు తోడ్పడును. భుజఫలకపు లోయంచునుండి పై ఎనిమిది తొమ్మిది ప్రక్కటెముకల నంటియున్న కండరమొకటి కలదు. వెనుకకు లాగుటయే వ్యాయామమనుకొన్నవారు దీనిని మరతురు. దీనికి గోడ చాలును. అరచేతులు గోడకానించి, నోట మెల్లగా గాలి వదలుచు, గోడను నెట్టవలెను. వీపు పైభాగము కొంచెము గుండ్రనైనను దోషము లేదు.

ఒక్క హెచ్చరిక. పత్తిదుమ్మువలన కలుగు బిసినోసిస్ మొదలగు ఊపిరితిత్తుల జబ్బులు భుజములు సరిచేసినంతమాత్రమున కుదురవు. ఛాతీ బిగువు, విడువని దగ్గు ఉన్నచో, నెపము గూనిపై వేయక వైద్యునికి చూపవలెను.

వ్యాయామము సరిగా సాగుచున్నదనుటకు గురుతు, చేయుచునే ఇంటివారితో మాటలాడగలుగుట. మాట ఆగినచో ఊపిరి బిగించినట్లే. మగ్గముల హోరులో మాట వినబడదు గనుక, డిండోలివారు షిఫ్టు దిగి ఇల్లు చేరిన తరువాతనే దీనిని చేయుట మంచిది. గుమాస్తాలకు ఆ సాకు లేదు.