రిస్పా పరచిన గోనెపట్ట

(శ్రమల దినములలో మెట్టుగూడలో జరిగిన ఒక కుటుంబ కూడికలోని ప్రసంగ పాఠము)



శతవార్షిక సంచికకు ఏదైన వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, సంఘ చరిత్ర వ్రాయుదమా అని మొదట అనుకొన్నాము. చరిత్ర వ్రాయుటకు మనలో పెద్దలు ఉన్నారు. గనుక రైల్వే క్వార్టర్సులోని ఒక ఇంట మేము పలికిన మాటలనే కొంచెము సరిచేసి ఇచ్చుచున్నాము. ఆ ఇంటివారి అనుమతి తీసికొన్నాము. పేరు చెప్పము.

2022లో ఆ ఇంటి పెద్ద కుమారుడు స్కూటరుమీద కాలేజీకి వెళ్లుచుండగా, తార్నాక చౌరస్తా దాటిన తరువాత ఒక లారీ క్రింద పడి చనిపోయినాడు. పందొమ్మిదేండ్ల వాడు. క్వయరులో పాడేవాడు. మూడవ దినపు ఆదరణ కూడికలో మేము క్షమాపణను గూర్చి ప్రసంగించినాము. సిలువమీద మన ప్రభువు తన్ను చంపినవారి కొరకు ప్రార్థించిన మాట తీసికొని, చక్కగా మూడు భాగములు చేసి చెప్పినాము. రెండవ భాగములో ఉండగా తండ్రి లేచి వెలుపలికి వెళ్లినాడు. ఎనిమిది నెలలు గుడికి రాలేదు. ఆయన విశ్వాసములో బలహీనుడైనాడని సంఘములో కొందరన్నారు. మేమును అట్లే తలంచినామని ఒప్పుకొనవలెను.

ఒకనాటి సాయంత్రము ఆయన ఇంటికి వెళ్లినాము. ఆయన బైబిలు తీసి 109వ కీర్తన దగ్గర తెరచినాడు. ఆ పుటలో ఒక చీటీ ఉన్నది. దానిమీద లారీ నంబరు, డ్రైవరు పేరు, వాని ఊరు.

"అయ్యగారూ, ఇది దేవుని వాక్యమా కాదా? వాడి పిల్లలు తండ్రి లేనివాళ్లు కావాలని ఇందులో రాసి ఉంది. నేను రోజూ ఇదే చదువుతున్నా. దీనిమీద మీరు ఒక్కసారి కూడా ఎందుకు ప్రసంగం చేయలేదు?"

మాకు జవాబు లేదు. వేదాంత కళాశాలలో కీర్తనలను విలాప కీర్తనలు, స్తుతి కీర్తనలు అని విభజించుట నేర్చుకొన్నాము. ఈ కీర్తన ఎవరి ఇంట, ఏ దినమున చదువవలెనో నేర్చుకొనలేదు. ఆరాధన క్రమములో ఇటువంటి వచనములను దాటిపోవుట మనకు అలవాటే. 137వ కీర్తనలో బబులోను నదుల యొద్ద ఏడ్చిన మాటల వరకు చదువుదుము, చివరి వచనము దగ్గర ఆగిపోదుము.

డ్రైవరుకు కొద్ది దినములలోనే బెయిలు వచ్చినది. అప్పటి చట్టములో నిర్లక్ష్యముచేత మరణము కలిగించినందుకు గరిష్ఠ శిక్ష రెండేండ్లు మాత్రమే. ఆ రెండు అంకెను ఆ తండ్రి పదేపదే చెప్పినాడు. "నా కొడుకు వయస్సు పందొమ్మిది. వాడికి రెండు." ఈ లెక్కకు ఏ వేదాంతమును సరిపోదు.

పగ అను మాట వినగానే మనము బెదరుదుము. మోషే ధర్మశాస్త్రము బెదరలేదు. చనిపోయినవాని బంధువు హృదయము మండుచుండునని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము ఎరిగియున్నది. ఆ మంటను ఆర్పమని అది ఆజ్ఞాపింపలేదు. యొర్దానుకు ఇరుప్రక్కల ఆరు ఆశ్రయపురములను ఏర్పరచి, వాటికి దారి సిద్ధపరచుమన్నది. పరుగెత్తువానికిని తరుమువానికిని నడుమ కొంత దూరము, కొంత కాలము, ఒక విచారణ కలుగవలెనని దాని ఉద్దేశము. బుద్ధిపూర్వకముగా చంపినవానికి ఆ పురములలో ఆశ్రయము లేదు. 109వ కీర్తన వ్రాసినవాడును కత్తి పట్టుకొని వీధిలోనికి వెళ్లలేదు. తన మనస్సులోని విషమంతయు దేవుని యెదుట కక్కినాడు. అది దేవునికి వినరాని మాటయైతే కీర్తనల గ్రంథములో ఎట్లు నిలిచినది?

ఇక మన పొరుగు సంగతి. మెట్టుగూడ నుండి తార్నాక మీదుగా పోయినచో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఎంతో దూరము లేదు. 1972 ఏప్రిల్ 14, శుక్రవారమున, ఆ ఆవరణలో ఇంజనీరింగు కళాశాల హాస్టలు వద్ద జార్జి రెడ్డి అను విద్యార్థి నాయకుడు హత్య చేయబడినాడు. వయస్సు 25 ఏండ్లు. భౌతికశాస్త్రములో బంగారు పతకము పొందినవాడు. ఆ సంవత్సరము ఈస్టరు పండుగ ఏప్రిల్ 2న వచ్చినది. గుళ్లలో పునరుత్థాన కీర్తనలు ఇంకను పాడుచున్న దినములలోనే ఆ తల్లికి ఈ వార్త అందినది. ఆమె పేరు లీలా వర్గీస్. కేరళ క్రైస్తవ కుటుంబమునుండి వచ్చిన స్త్రీ. నిందితులు న్యాయస్థానములో నిర్దోషులుగా విడుదలైనారు.

2019లో ఆయన జీవితముమీద సినిమా వచ్చినప్పుడు మన యౌవనస్థులు చాలమంది చూచివచ్చి, ఆయన పోరాటములను గూర్చి ఉత్సాహముతో మాటలాడినారు. తల్లిని గూర్చి ఒక్కరును అడుగలేదు. ఆమె హృదయములో ఏమున్నదో మనము చెప్పబూనరాదు. మనకు తెలిసినది ఒకటే. రక్తమునకు రక్తమనుచు బయలుదేరినవారు ఆ తరువాతి దశాబ్దములలో తెలంగాణ విశ్వవిద్యాలయములలో ఇరుపక్షముల తల్లులకును కడుపుకోత మిగిల్చినారు. జార్జి సోదరుడైన సిరిల్ రెడ్డి న్యాయవాదియై, ఇబ్రహీంపట్నం ప్రాంతపు వ్యవసాయ కూలీల భూమి కొరకు వ్యాజ్యములు నడిపినారు. అన్నను చంపినవారిని శిక్షింపలేని కోర్టుకే ఆయన బీదల కాగితములు పట్టుకొని ఎన్నోసార్లు వెళ్లియుండవలెను. ఆయన మార్గమంతటితో మనము ఏకీభవింపనక్కరలేదు. అయినను ఈ సంగతి మమ్మును చాలకాలము ఆలోచింపజేసినది.

ఆ సాయంత్రము మేము ప్రసంగము చేయలేదు. రెండవ సమూయేలు 21వ అధ్యాయము చదువుదమా అని అడిగినాము. ఆయన తల ఊపినాడు.

సౌలు చేసిన పాపమునకు ప్రతిగా గిబియోనీయులు ఏడుగురిని అడిగి తీసికొని కొండమీద ఉరితీసినారు. వారిలో ఇద్దరు రిస్పా కుమారులు. యవల కోత ఆరంభదినములు. ఆమె గోనెపట్ట తీసికొని కొండమీద పరచుకొని, ఆకాశమునుండి వర్షము కురియువరకు అక్కడనే ఉండెను. పగలు పక్షులను, రాత్రి మృగములను తోలెను. కోతకాలము మొదలు వర్షము వరకు అనగా నెలల సంగతి. మండుటెండ, ఆ వాసన, నిద్రలేని రాత్రులు. ఆమె దావీదును శపించినట్లుగాని గిబియోనీయులను క్షమించినట్లుగాని అక్కడ వ్రాయబడలేదు. ఆమె నోట ఒక్క మాటయైనను లేదు. ఓదార్చుటకు ఏ యాజకుడును ఆ కొండ ఎక్కలేదు. ఒకవేళ ఎక్కినను మావలెనే మూడు భాగముల ప్రసంగము చేసియుండునేమో!

ఆ సంగతి రాజునకు తెలిసినది. అప్పుడు దావీదు ఆ ఎముకలను, సౌలు యోనాతానుల ఎముకలతోకూడ సమకూర్చి పాతిపెట్టించినాడు. అటుతరువాత దేవుడు దేశముకొరకైన ప్రార్థన ఆలకించెనని వ్రాయబడినది. చదువరులు ఇక్కడ ఆగి చూడవలెను. మూడేండ్ల కరవు తీరవలెనని ఏడుగురిని చంపినారు. అయితే దేవుడు ఆలకించుట ఉరి తరువాత వ్రాయబడలేదు, సమాధి తరువాత వ్రాయబడినది.

మన తెలుగువారు చిన్ననాటినుండి వినిన కథ ఇంకొకటి ఉన్నది. పోతనగారి భాగవతములో, నిద్రించుచున్న అయిదుగురు కుమారులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చినప్పుడు, విడువుమని చెప్పినది ద్రౌపదియే. తనవలె అతని తల్లి ఏడ్వకూడదని ఆమె తలంపు. క్రైస్తవ వేదికమీద ఈ కథ ఏల అని ఎవరైన అడిగినచో, పొరుగువారి ఇంటి దీపము వెలుగు మన వాకిట పడినప్పుడు కన్నులు మూసికొనము గదా అందుము.

మన కాలములో గ్లాడిస్ స్టెయిన్సు అమ్మగారు ఉన్నారు. 1999 జనవరిలో ఒడిషాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహం, కుమారులు ఫిలిప్, తిమోతి జీపులో సజీవదహనమైనారు. చిన్నవానికి ఆరేండ్లు. ఆమె క్షమించితినన్నారు. అది మనమందరము ఎరిగినదే, ఎన్నో ప్రసంగములలో వాడుకొన్నదే. క్షమాపణ వేరు, నేరమునకు చట్టము విధించు ఫలితము వేరు, రెంటిని కలుపవద్దని కూడ ఆమె చెప్పినారు. దీనిని మనము వాడుకొనుట తక్కువ. ఆమె బారిపదలోని కుష్ఠరోగుల మధ్య తన పనిని కొనసాగించినారు. న్యాయస్థానములు తమ పని తాము చేసినవి. 2011లో సుప్రీంకోర్టు ముఖ్య దోషికి యావజ్జీవ శిక్షను ఖాయపరచినది.

ఈ మాట చదివినప్పుడు మెట్టుగూడ తండ్రి మమ్మును ఆపినాడు. "అంటే నేను కేసు నడిపించవచ్చా అయ్యగారూ? నడిపిస్తే క్షమించనట్లు కాదా?" ఎనిమిది నెలలు ఆయనను గుడికి దూరముగా ఉంచినది ఇదేనని అప్పుడు తెలిసినది. క్షమించుమని మేము చెప్పిన మాటను ఆయన, కేసు వదలుకొనుమని విన్నాడు. వదలుకొన్నచో కొడుకును రెండవసారి పాతిపెట్టినట్లే అని ఆయనకు తోచినది. నడిపించవచ్చునని చెప్పినాము. సాక్షులను వెదకుటకు సంఘ పెద్దలలో ఒకరు, రిటైరైన రైల్వే ఉద్యోగి, ఆయనతో తిరిగినారు. స్త్రీల మైత్రివారు తల్లి యొద్దకు ప్రతి గురువారము వెళ్లి, పాటలు పాడక, ఊరకనే కూర్చుండి వచ్చుచున్నారు. ఈ కూర్చుండుట ఆమెయే అడిగినది.

ఆయన ఇప్పుడు గుడికి వచ్చుచున్నాడు, చివరి బెంచీలో కూర్చుండును. క్వయరు పాడునప్పుడు వెలుపలికి వెళ్లి, పాట అయిన తరువాత తిరిగి వచ్చును. చీటీ 109వ కీర్తన దగ్గరనే ఉన్నది. తీసివేయుమని మేము అడుగలేదు. పోయిన నెల ఆ డ్రైవరు భార్య బిడ్డను ఎత్తుకొని కోర్టు వరండాలో నిలువబడియుండగా చూచినానని ఆయన చెప్పినాడు. "ఏమి అనుకున్నారు?" అని అడిగినాము. "ఇంకా ఏమీ అనుకోలేదు అయ్యగారూ" అన్నాడు.

వచ్చే మంగళవారము మరల వాయిదా ఉన్నది. మేమును ఆయనతో వెళ్లుచున్నాము.