ఒకటి రెండు చోట్ల

(బరంపురంలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పుడే పంతులుగారు పంచాంగ శ్రవణం చేశారు. ఈ యేడు మేఘాధిపతి ఎవరో, వాన ఎన్ని తూములో, అందులో సముద్రానికి ఎంత, కొండలకు ఎంత, మన నేలకు ఎంతో వివరంగా చెప్పారు. మనమందరమూ చెవులు రిక్కించి విన్నాము. పచ్చడి తిన్నాము. ఇక ఇంటికి వెళ్ళి పులిహోర సంగతి చూడవలసిన వేళ నన్ను ఈ వేసవి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వాతావరణ శాస్త్రజ్ఞుణ్ణి కాను. ముప్ఫయి రెండేళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి, ఇప్పుడు వీధి అరుగుమీద విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. అందుచేత పాఠం చెప్పినట్లే చెపుతాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందుగా ఒక ఇంటి సంగతి చెప్పనివ్వండి. అది 1971 వైశాఖ మాసం. నాకు పదేళ్ళు. మా మేనమామ మా ఇంట్లోనే ఉండేవాడు. మధ్యాహ్నం భోజనాలప్పుడు రేడియోలో వాతావరణ సూచన చెప్పారు: ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చునని. సాయంత్రం నాలుగు గంటలకు వాయవ్యాన మబ్బు లేచింది. గాలి ఆగిపోయింది. గాలి వస్తే మామిడికాయలు రాలుతాయి గదా! మామయ్య సంచీ తీసుకొని తోటకు బయలుదేరాడు. మా అమ్మ, "వెళ్ళకురా తమ్ముడూ, రేడియోలో చెప్పారు" అన్నది. ఆయన నవ్వి, "ఒకటి రెండు చోట్ల అన్నారక్కయ్యా. ఆ ఒకటి రెండూ మన తోటేనా?" అని వెళ్ళిపోయాడు.

ఆ పూట వాన ఊరంతా పడలేదు. మా వీధిలో నేల తడిసీ తడవనట్లున్నది. కాని తోటలో చెట్టు కింద నిలబడ్డ మామయ్య మళ్ళీ ఇంటికి రాలేదు. ఆనాటినుంచి "ఒకటి రెండు చోట్ల" అనే మాట ఎక్కడ విన్నా మా అమ్మ చేతిలో పని ఆపేసేది. ఇవాళ మీతో ఆ మాట గురించే చెప్పదలచుకొన్నాను.

ఆ మాటకు వాతావరణ శాఖవారి లెక్కలో ఒక అర్థం ఉన్నది. ఒక ప్రాంతంలో వారు వాన కొలిచే కేంద్రాలు ఉంటాయి. ఆ కేంద్రాలలో నూటికి ఇరవై అయిదు వరకూ వాన పడితే "ఒకటి రెండు చోట్ల" అంటారు. ఇరవై ఆరునుంచి యాభై వరకు అయితే "కొన్ని చోట్ల". యాభై ఒకటినుంచి డెబ్బయి అయిదు వరకు అయితే "అనేక చోట్ల". ఆపైన అయితే "చాలా చోట్ల". అంటే "ఒకటి రెండు" అన్నది ఊళ్ళ లెక్క కాదు. నాలుగో వంతు కేంద్రాలలో పడినా ఆ మాటే వాడతారు. ఒక కేంద్రానికీ మరొక కేంద్రానికీ మధ్య ఎన్ని ఊళ్ళు, ఎన్ని తోటలు, ఎన్ని పొలాలు ఉంటాయో మీరే ఊహించుకోండి. పైగా అది వాన ఎంత మేర పడుతుందో చెప్పే మాట. పడినచోట ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పే మాట కాదు. మా మామయ్య విన్నది "తక్కువ" అని. వారు చెప్పినది "ఎక్కడో చెప్పలేము" అని. ఈ రెంటికీ ఎంతో దూరం ఉన్నది.

మరి ఏ ఊరో చెప్పవచ్చు గదా అని మీరు అడగవచ్చు. చెప్పలేకపోవటానికి కారణం ఉన్నది. తుఫాను వందల మైళ్ళ పొడవున్న ఏనుగు వంటిది. సముద్రంమీద రోజుల తరబడి నడిచివస్తుంది. దూరంనుంచే కనపడుతుంది. ఉరుముల మేఘం అట్లా కాదు. దాని వెడల్పు కొద్ది మైళ్ళు. ఒక్కొక్క మేఘపు ఆయుర్దాయం సుమారు ఒక గంట. పొద్దున లేని మేఘం మధ్యాహ్నం పుడుతుంది. కనుక ముందురోజున జిల్లా పేరు మాత్రమే చెప్పగలరు. మేఘం పుట్టిన తరువాత గోపాలపురంలోను, విశాఖపట్నంలోను ఉన్న రాడార్ల వంటివి దానిని పసికడతాయి. అప్పుడు రెండు మూడు గంటల ముందుగా హెచ్చరిక ఇస్తారు. ముందురోజు సూచన మన పనుల ఏర్పాటుకు. ఆనాటి హెచ్చరిక మన ప్రాణరక్షణకు.

ఈ మేఘం పుట్టేది ఎండలోనే. ఫాల్గుణ చైత్రాలనుంచి ఛోటానాగపూర్ పీఠభూమి, ఒడిశా పడమటి జిల్లాలు పెనంలా కాలుతాయి. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. కింద బంగాళాఖాతంనుంచి తేమగాలి లోపలికి వీస్తూ ఉంటుంది. ఆపైన వాయవ్యంనుంచి పొడిగాలి వస్తుంది. తేమగాలి పైకి లేచి చల్లబడి మేఘమవుతుంది. ఆ మేఘం పది పన్నెండు కిలోమీటర్లకు పైగా ఎదుగుతుంది. అంత ఎత్తున నీరు గడ్డకట్టి మంచుపలుకులు, వడగళ్ళు తయారవుతాయి. అవి ఒకదానితో ఒకటి రాసుకొనగా విద్యుత్తు పుడుతుంది. అది నేలకు దిగితే పిడుగు. వానతోపాటు చల్లని గాలి బరువుగా కిందకు కుంగి, నేలకు తగిలి నాలుగు వైపులా పరుగెత్తితే ఈదురుగాలి. కొద్ది నిమిషాలలో ఎనిమిది పది డిగ్రీల వేడి తగ్గటం కూడా కద్దు. ఒడియా సోదరులు దీనిని కాలవైశాఖి అంటారు. పేరులోనే కాలుడున్నాడు.

కాబట్టి ఎండా, ఉరుమూ రెండు వేరు శత్రువులు కావు. పగలు ఎండగా వచ్చినదే సాయంత్రం ఉరుముగా వస్తుంది. ఒకే రోజున రెంటికీ హెచ్చరిక ఉంటే వాతావరణ శాఖవారు తికమక పడ్డారనుకోరాదు. నిన్న సాయంత్రం జల్లు పడిందిగదా, ఇవాళ ఎండ భయం లేదనీ అనుకోరాదు. జల్లు పడిన మర్నాడు గాలిలో తేమ పెరిగి, చెమట ఆరక, ఒళ్ళు మరింత ఉడికిపోవటం మనకందరికీ అనుభవమే.

ఇక "వడగాడ్పు" అన్న మాట. దీనికీ లెక్క ఉన్నది. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, ఆ రోజులకు మామూలుగా ఉండే దానికంటె నాలుగున్నర డిగ్రీలైనా ఎక్కువైతే వడగాడ్పు. ఆరు పాయింట్ నాలుగు డిగ్రీలు మించితే తీవ్రమైన వడగాడ్పు. మామూలుతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలు చేరినా వడగాడ్పే. 47 చేరితే తీవ్రమైనది. సముద్రతీరంలో 37 డిగ్రీలనుంచే ఈ లెక్క మొదలవుతుంది. మామూలు 41 ఉండే పడమటి ఊళ్ళో 42 వస్తే వడగాడ్పు కాదు. మామూలు 33 ఉండే మన తీరపు ఊళ్ళో 38 వస్తే కావచ్చు. బలాంగీరులో ఉన్న మా వియ్యంకుడుగారు, "మీకు 38కే హెచ్చరికా?" అని టెలిఫోనులో నవ్వుతారు. శరీరం తాను అలవాటుపడిన వేడిని భరిస్తుంది, అలవాటు లేనిదానికి లొంగుతుంది. అందులో మన తీరంలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఆరనివ్వని తేమలో 38 కూడా తక్కువది కాదు.

ఇంకొక సంగతి. వారు చెప్పే డిగ్రీలు నీడలో కొలిచినవి. గాలి ఆడే చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున థర్మామీటరు ఉంచి చూస్తారు. రేకుల కప్పు కింద పనిచేసే మనిషి, తారురోడ్డుమీద బండి లాగే మనిషి, పొయ్యి దగ్గర నిలబడ్డ ఇల్లాలు అనుభవించే వేడి ఆ అంకెలో లేదు. అంకె విన్నప్పుడు మన ఇంట్లో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో తలచుకోవాలి.

ఇవి ఉత్తమాటలు కావు. 1998 వేసవిలో ఈ రాష్ట్రంలో వడదెబ్బకు 2,042 మంది చనిపోయారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేలమందికి పైగా పోయారు. పిడుగుపాటుకు దేశం మొత్తంమీద 2022లో 2,887 మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్క. వడగాడ్పును, పిడుగును ఒడిశా ప్రభుత్వం 2015లో రాష్ట్ర విపత్తులుగా ప్రకటించింది.

మనకు వినటం రాకకాదు. 1999 పెనుతుఫానులో దాదాపు పదివేలమంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఈ మధ్యకాలంలో మనం విన్నాము. దాదాపు పది లక్షలమంది ముందుగానే ఇళ్ళు వదిలి సురక్షితమైన చోట్లకు వెళ్ళారు. చనిపోయినవారు పదుల సంఖ్యలోనే ఉన్నారు. తుఫాను మాట విన్న చెవులే ఉరుము మాట ఎందుకు వినవు? తుఫాను ఊరందరికీ వస్తుందని చెపుతారు. ఉరుము "ఒకటి రెండు చోట్ల" అంటారు. అక్కడే మనం మామయ్యలా నవ్వుతాము.

ఇక చేయవలసిన పనులు. ఇవి మా అమ్మ చెప్పినట్లుగానే చెపుతాను.

పదకొండు గంటలనుంచి మూడు నాలుగు గంటల వరకు ఎండలో పని తగ్గించండి. దాహం వేయకముందే నీళ్ళు తాగండి. మన తరవాణి, ఒడియావారి పఖాళ అన్నదమ్ములే. మన పానకానికి, మేష సంక్రాంతినాడు వారు చేసే పణాకు బంధుత్వం ఉన్నది. పెద్దలు ఎండకాలానికి వాటిని ఊరికే పెట్టలేదు. ఎవరైనా సోలిపోయి, మాట తడబడి, ఒళ్ళు కాలిపోతూ ఉంటే వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసిరి, 108కు టెలిఫోను చేయండి. తెలివి తప్పినవారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఉరుము వినపడితే పిడుగు మనకు అందేంత దగ్గరలో ఉన్నదని అర్థం. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టి మూడుచేత భాగించండి. అన్ని కిలోమీటర్ల దూరం. ముప్ఫయి లోపల ఉంటే వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్ళండి. చివరి ఉరుము తరువాత అర్ధగంట వరకు బయటకు రాకండి. చెట్టు కింద నిలబడకండి. చెరువులో, పొలంలో ఉండకండి. ఇల్లు దొరకని బయలులో కాళ్ళు దగ్గరకు చేర్చి గొంతుక్కూర్చోండి, పడుకోకండి. పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. భయం లేకుండా ముట్టుకోవచ్చు. ఊపిరి ఆగితే ఛాతీ నొక్కి ఊపిరి తెప్పించాలి. కొన్ని ఊళ్ళలో పేడలో పాతిపెడతారు. దానివల్ల విలువైన కాలం పోతుందేగాని మనిషి లేవడు.

ఉరిమినప్పుడు మన ఇళ్ళలో అర్జునుడి పేర్లు చదవటం ఆచారం. తప్పకుండా చదవండి. ఇంట్లో కూర్చుని చదవండి.

చివరగా మనవంటి కుటుంబాలకు ప్రత్యేకించి ఒక మాట. 1936 వరకు ఈ గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. తాతలనాటినుంచి ఇక్కడే ఉన్నాము. అయినా మన ఇళ్ళలో చాలామంది ముసలివారికి తెలుగే వచ్చును. హెచ్చరికలు సెల్‌ఫోనులో ఒడియాలోనో, ఇంగ్లీషులోనో వస్తాయి. అవి బామ్మ దిండు కింద చదివేవారు లేక పడి ఉంటాయి. పసుపు రంగు అంటే జాగ్రత్తగా గమనించమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకొమ్మని ఆమెకు ఎవరు చెప్పాలి? ఈ ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలే చెప్పాలి. మీకు మూడు భాషలూ వచ్చును. పిడుగుల హెచ్చరికకు పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు "దామిని" అనే యాప్ తయారుచేశారు. మీ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే అది చెపుతుంది. నాన్నగారి ఫోనులో పెట్టించండి.

పంతులుగారు యేడాదికొకసారి పంచాంగం చదువుతారు. చిరంజీవులారా, ఈ వేసవిలో రోజూ పొద్దున మీరు ఒక చిన్న పంచాంగ శ్రవణం చేయండి. బామ్మకూ, పనికి బయలుదేరే నాన్నకూ ఆనాటి సూచన తెలుగులో చదివి చెప్పండి. "ఒకటి రెండు చోట్ల" అని వస్తే, "అది మన చోటు కావచ్చు" అని ఒక మాట కలపండి.

ఆనాడు మా ఇంట్లో ఆ ఒక్క మాట కలిపినవారు లేకపోయారు. ఈ యేడు మీ అందరి ఇళ్ళలోను మామిడికాయలు రాలిన తరువాత, ఉరుములు ఆగిన తరువాత, నిదానంగా ఏరుకొందురుగాక అని కోరుకొంటున్నాను.