మంచు దేశమునకు పోవువారు



కెనడా దేశమున చలికాలము వచ్చెనా, నదులు, కాలువలు గడ్డకట్టును. ఆ మంచునే అచ్చటివారు రాబడిగా మార్చుకొనిరి. క్విబెక్ నగరమున 1955 నుండి సాగుచున్న చలికాలపు ఉత్సవమునకు యాత్రికులు తండోపతండములుగా వత్తురు. రాజధానియగు ఒట్టావాలో, గడ్డకట్టిన రీడో కాలువపై 7.8 కిలోమీటర్ల మేర జనులు అడుగున ఉక్కు పలకలమర్చిన జోళ్లతో జారుచు విహరింతురు. కాని 2023 ఆరంభమున తగినంత చలి లేక ఆ బాటను ఒక్కనాడైనను తెరువలేదు. మంచుపై బ్రతుకు అంతటి అనిశ్చితము.

చూచిపోవు అతిథిని పిలుచుట సులభము. నిలిచియుండ వచ్చువానికి తలుపు తీయుట వేరు. 1914లో కొమగాటా మారు అను ఓడలో వాంకోవరు రేవు చేరిన 376 మంది భారతీయులలో కొలదిమందిని తప్ప తక్కినవారిని దిగనీయక మరలించిరి. 1967లో పద్ధతి మారెను. జాతిని గాక విద్య, వయస్సు, భాష, పనితనము చూచి మార్కులు వేయసాగిరి. నేడు తెలుగు యువతీయువకులును ఈ మార్గముననే పోవుచున్నారు.

అయితే ప్రవేశము వేరు, వృత్తి వేరు. వైద్యుడుగాని ఇంజనీరుగాని స్వతంత్రముగా పనిచేయుటకు అచ్చటి రాష్ట్రపు లైసెన్సు పొందవలెను. అది లభించువరకు టాక్సీ నడుపుకొను పట్టభద్రులును కలరు. కావున బిడ్డను పంపదలచిన తలిదండ్రులు దళారి మాట నమ్మి పొలము తాకట్టు పెట్టరాదు. ముందుగా ఆ ప్రభుత్వ నియమములను చదివి, లేదా చదివించుకొని, తెలిసికొనవలెను. గ్రంథాలయము ఉన్నది ఇందుకే గదా!