మన పశువుకి సూది ఎవరు వెయ్యాలి?

 

భూమి గురించి, పోడు పట్టాల గురించి, జీవో నంబర్ 3 గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఈ రోజు నేను గొడ్డు గురించి, మేక గురించి మాట్లాడతాను. చిన్న విషయం అనుకోకండి. మన ఇంట్లో బ్యాంకు పుస్తకం లేకపోయినా పాకలో రెండు మేకలుంటాయి. పిల్లాడి ఫీజు కట్టాలన్నా, జ్వరమొస్తే ఆసుపత్రికి పోవాలన్నా సంతకి తోలేది వాటినే. దుక్కిటెద్దు పడిపోతే ఆ ఏడు పంటే పడిపోద్ది.

మరి ఆ ఎద్దుకి జబ్బు చేస్తే ఎవరొస్తారు? మీ ఊళ్ళో ఎవరొస్తున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. చాలా ఊళ్ళల్లో వచ్చేది బ్యాగులో నాలుగు సీసాలు, ఒక సిరంజి పెట్టుకుని బండి మీద తిరిగే మనిషే. అతను చెడ్డోడని నేను అనట్లేదు. పిలిస్తే వస్తాడు, రాత్రయినా వస్తాడు. కానీ చట్టం ఏమంటోందో మనకి తెలియాలి.

1984లో పార్లమెంటు భారత పశువైద్య మండలి చట్టం చేసింది. దాని 30వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ అయిన పశువైద్యుడు తప్ప ఇంకెవరూ పశువైద్యం చెయ్యకూడదు. ఆరోగ్య సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే అధికారం కూడా ఆయనదే. 2007లో ఉదయ్ సింగ్ దాగర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ని సమర్థించింది. అంటే గొడ్డు చచ్చిపోయి మీరు బీమా అడిగితే, సూదేసిన మనిషి మాట అక్కడ పనికిరాదు.

అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. మనకెవరూ చదివి చెప్పని మాట. డిప్లొమా గానీ, పశుసంవర్ధక శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ గానీ ఉన్న సహాయకులకి చిన్న సేవలు చేసే అనుమతి రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వొచ్చు. టీకా వెయ్యడం, విత్తులు నొక్కడం, పుండుకి కట్టు కట్టడం లాంటివి. ఇంకేమేం చెయ్యొచ్చో ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించొచ్చు. షరతు ఒక్కటే, రిజిస్టర్ అయిన డాక్టర్ పర్యవేక్షణలో చెయ్యాలి.

కొంతమంది తమ్ముళ్ళు నన్నడిగారు: "అన్నా, డాక్టరే రాని చోట ఈ చట్టమెందుకు? మా ఊరోడు వేస్తే తప్పేంటి?" ఈ కోపం న్యాయమైనదే. డాక్టర్ పక్క వీధిలోనే ఉన్నాడనుకుని రాసిన చట్టమిది. కానీ చట్టాన్ని తీసి పారేస్తే నష్టపోయేది మళ్ళీ మనమే. ఒకే సూదితో ఊరి మందంతటికీ వేస్తే ఒక మేక రోగం పది మేకలకి పోద్ది. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ఎండలో బ్యాగులో తిరిగిన టీకా వేస్తే డబ్బులు పోతాయి, రోగం ఆగదు. డైక్లోఫెనాక్ సంగతి చూడండి. ఆ మందు పడిన పశువు కళేబరం తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో పశువుల కోసం దాని తయారీని కేంద్రం ఆపించింది. అయినా మనుషుల మందునే తెచ్చి గొడ్లకి వేస్తున్నారని 2015లో దాని సీసా సైజుని 3 మిల్లీలీటర్లకి తగ్గించాల్సొచ్చింది.

అందుకే "ఎవరైనా వెయ్యొచ్చు" అని మనం అడగొద్దు. "మా పిల్లలకి నేర్పించి, అనుమతివ్వండి, పైన డాక్టర్‌ని పెట్టండి" అని అడుగుదాం. ఇది దయ కాదు, చట్టంలోనే ఉన్న దారి. పదో తరగతి తర్వాత రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా ఉంది. మన పిల్లలు డీఎడ్, బీఈడీ అని క్యూ కడుతున్నారు గానీ ఇటువైపు చూసేది తక్కువ. మన భాషలో మాట్లాడే పిల్ల, మన కొండ ఎక్కగలిగే పిల్లాడు ఆ కోర్సు చదివొస్తే, బదిలీ కోసం ఎదురుచూసే ఉద్యోగి కన్నా ఊరికి ఎక్కువ ఉపయోగం.

మరి ఎవరు అడగాలి? గ్రామసభే అడగాలి. 1996 పెసా చట్టం సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు ఉండే అధికారాన్ని పంచాయతీకి, గ్రామసభకి ఇమ్మని చెప్పింది. తీర్మానంలో మూడు విషయాలు రాయించండి. మన ఊరి సహాయకుడు ఎవరు, ఏ పనులకి అనుమతి ఉంది? అతని మీద పర్యవేక్షణ ఏ డాక్టర్‌ది? టీకాలు ఏ నెలలో, ఏ రోజున వేస్తారు? వాటికి జవాబులు సచివాలయం గోడ మీద రాయించండి. 1962కి ఫోన్ చేస్తే బండి వచ్చిందా, ఎన్ని గంటలకి వచ్చింది, అసలు ఫోన్ కలిసిందా లేదా, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. రేపు కలెక్టర్ దగ్గర మాట్లాడేది ఆ పుస్తకమే.

పుండు కడగడం, పసుపు, వేపాకు రాయడం, రోగమొచ్చిన జీవాన్ని మందలోంచి వేరు చెయ్యడం, ఇవన్నీ మన పెద్దలు నేర్పిన సంరక్షణ. అవి మానొద్దు. కానీ ఒక్కటి గట్టిగా చెప్తున్నాను. గొడ్డు ఉన్నట్టుండి చచ్చిపోయి, ముక్కులోంచి, వెనకనుంచి గడ్డకట్టని రక్తం కారితే అది దొమ్మ రోగం కావొచ్చు, అదే ఆంత్రాక్స్. కొయ్యొద్దు, తోలు తియ్యొద్దు, వండుకోవద్దు. అది మనిషికీ అంటుకుంటుంది. 2009 అంటువ్యాధుల చట్టం ప్రకారం పంచాయతీకో, గ్రామాధికారికో చెప్పడం యజమాని బాధ్యత, ఆ కబురు డాక్టర్‌కి చేర్చడం వాళ్ళ పని. మీరు చెప్పండి, వాళ్ళ చేత చేయించండి.

వచ్చే గ్రామసభకి తీర్మానం కాగితం పట్టుకుని వెళ్ళండి. రాయడం రాకపోతే మమ్మల్ని పిలవండి, వచ్చి కూర్చుని రాస్తాం.

జోహార్! జై ఆదివాసీ!