లినక్సు కంప్యూటరు మొరాయిస్తే: ఇంటివారు చేసుకోదగిన పరీక్షలు

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇస్తూ వచ్చిన సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేసుకోవాలంటే ప్రాసెసరు కొత్త తరానిదై ఉండాలి, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా విభాగం ఉండాలి. 2016 ప్రాంతంలోనూ అంతకు ముందూ కొన్న డెస్క్‌టాపులకు ఆ అర్హత లేదు. యంత్రం చక్కగా నడుస్తూనే ఉన్నది, దాని మీది వ్యవస్థకు కాలం చెల్లింది. అటువంటి యంత్రానికి లినక్సు మరికొన్ని ఏండ్ల ఆయుష్షు పోస్తుంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

మన కుటుంబాలకు ఇందులో మరొక ప్రయోజనమూ ఉన్నది. హోసూరులో కొన్నా, బళ్లారిలో కొన్నా, బరంపురంలో కొన్నా, సిరొంచలో కొన్నా, కంప్యూటరులో తెలుగును మనం కోరి అమర్చుకోవలసిందే. లినక్సులో తెలుగు అక్షరాలూ, తెలుగు కీబోర్డు అమరికా వ్యవస్థతోపాటే దొరుకుతాయి. అయితే మొదటి వారంలోనే ఏదో ఒక ఆటంకం ఎదురవుతుంది. పాట వినబడదు, వైఫై కనబడదు, తెలుగు ఉండవలసిన చోట ఖాళీ గడులు కనబడతాయి. ‘ఇది మనకు అచ్చిరాలేదు’ అని ఇంటి పెద్దలు తీర్మానిస్తారు. యంత్రం అటకెక్కుతుంది. బడిలో తెలుగు లేని బిడ్డ ఇంట్లో తెలుగు టైపు చేసుకొనే తావు కూడా దానితోపాటే అటకెక్కుతుంది. ఆ నష్టాన్ని ఎట్లా తప్పించుకోవాలన్నదే నేటి నా మాట.

చేలో నీరు పారకపోతే రైతు మోటారు మార్చడు. తూము దగ్గర బయలుదేరి కాలువ వెంబడి మడి దాకా నడుస్తాడు. గండి ఎక్కడ పడిందో కనిపెట్టి అక్కడ మట్టి వేస్తాడు. కంప్యూటరు విషయంలోనూ నడవవలసిన వరుస ఒకటి ఉన్నది. మొదట కరెంటు, తీగలు, తరువాత వస్తువు, ఆ తరువాత ఆ వస్తువును వ్యవస్థ గుర్తించిందా అన్నది, అటుపిమ్మట అమరికలు, చివరకు మనం వాడే సాఫ్ట్‌వేరు. ఈ వరుస తప్పి, చిన్న లోపానికి మొత్తం వ్యవస్థను చెరిపి తిరిగి ఎక్కించడం వల్ల కాలమూ పోతుంది, కొన్నిసార్లు దాచుకొన్నవీ పోతాయి.

ఎక్కించకముందే చూడవలసినవి

మొదటి పని నకలు తీసుకోవడం. ఇంటి ఫోటోలు, భూమి కాగితాల ప్రతులు, అమ్మమ్మల నోట రికార్డు చేసిన పాటలు చాలా ఇళ్లలో ఆ ఒక్క డిస్కులోనే ఉంటాయి. లినక్సు ఎక్కించేటప్పుడు ‘డిస్కు మొత్తం చెరిపివేయి’ అన్న ఎంపికను ఒక్కసారి నొక్కితే చాలు, అవి తిరిగి రావడం దుర్లభం. బయటి డిస్కులోకి నకలు తీసి, దానిని మరొక యంత్రంలో తెరిచి చూసిన తరువాతనే ముందుకు సాగండి.

రెండవ పని, ఎక్కించకుండానే నడిపి చూడటం. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వంటివాటిని పెన్‌డ్రైవు నుంచే నడపవచ్చు. డిస్కులో ఏ మార్పూ జరగదు. ఈ దశలోనే అయిదింటిని పరీక్షించండి: తెర, ధ్వని, వైఫై, ప్రింటరు, తెలుగు కీబోర్డు. ఇక్కడ పనిచేసినది ఎక్కించిన తరువాత కూడా సాధారణంగా పనిచేస్తుంది. ఇక్కడే పనిచేయనిదాని సంగతి ముందుగా తెలుసుకొనడం మేలు.

పెన్‌డ్రైవు నుంచి యంత్రం మేలుకోకపోతే, ఆన్ చేసిన వెంటనే ఎఫ్ 2, ఎఫ్ 12, డిలీట్ మీటల్లో ఆ యంత్రానికి చెల్లేదానిని నొక్కి, బయాసులో బూటు వరుసను మార్చాలి. అప్పటికీ లేవకపోతే దిగుమతి చేసుకొన్న ఫైలు సగంలో తెగి ఉండవచ్చు. ఆ ఫైలు సరిచూపు సంఖ్యను, విడుదల చేసినవారు ప్రకటించిన సంఖ్యతో పోల్చి చూడండి.

యంత్రం మరీ పాతదై, ప్రాసెసరు 32 బిట్లదైతే వెతుకులాట కష్టమవుతుంది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 అటువంటి యంత్రాల మీద కొత్తగా ఎక్కించే సదుపాయాన్ని నిలిపివేసింది. 64 బిట్లదై నాలుగు జి.బి. మెమరీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సిఇ వంటి తేలికైన తెరతో ఇంటి పనులు సాగిపోతాయి. పాత హార్డు డిస్కును తీసి ఎస్.ఎస్.డి. వేయిస్తే వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

గండి ఎక్కడ పడిందో కనిపెట్టడం

ఫ్యాను తిరుగుతున్నది, తెర మాత్రం నల్లగా ఉన్నది. లోపలి నుంచి కూత వినబడుతున్నది. ఇది లినక్సు లోపం కాదు, ఎందుకంటే లినక్సు ఇంకా మొదలే కాలేదు. ముందు మానిటరు తీగ బిగువుగా ఉన్నదా చూడాలి. ప్రత్యేకంగా గ్రాఫిక్సు కార్డు ఉన్న యంత్రంలో తీగను ఆ కార్డుకే తగిలించాలి. ఆపైన, కరెంటు ప్లగ్గు తీసివేసి, మెమరీ పలకను బయటకు తీసి, దాని ఇత్తడి రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, తిరిగి గట్టిగా కూర్చోబెట్టాలి. తేమ, దుమ్ము పేరుకొన్న యంత్రాలు ఈ మాత్రానికే లేచి కూర్చుంటాయి.

రెండవది గడియారం సంగతి. ఇంటర్నెట్టు వస్తున్నట్టే ఉంటుంది, ఏ సైటును తెరవబోయినా ‘ఈ సంబంధం సురక్షితం కాదు’ అంటుంది. కొత్త సాఫ్ట్‌వేరు కూడా దిగదు. అందరూ నెట్టువారిని నిందిస్తారు. తెర మూలనున్న తేదీని చూడండి. ఎన్నో ఏండ్ల కిందటి తేదీ ఉంటే మదర్‌బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. సైట్ల భద్రతా పత్రాలకు ఆరంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. గడియారం తప్పితే సరైన పత్రం కూడా చెల్లనట్టే కనబడుతుంది. చాలా డెస్క్‌టాపుల్లో వాడే ఆ బిళ్ల పేరు సి.ఆర్. 2032. గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది.

గడియారం సరిగ్గా అయిదున్నర గంటల తేడా చూపుతున్నదా? అప్పుడు బ్యాటరీని మార్చనక్కరలేదు. ఒకే యంత్రంలో విండోస్, లినక్సు రెండూ ఉన్నప్పుడు ఇట్లా జరుగుతుంది. యంత్రం లోపలి గడియారంలో విండోస్ స్థానిక కాలాన్ని ఉంచుతుంది, లినక్సు ప్రపంచ ప్రామాణిక కాలాన్ని ఉంచుతుంది. మన దేశ కాలానికీ దానికీ ఉన్న అంతరం అయిదున్నర గంటలే కదా! లినక్సుకు స్థానిక కాలమే వాడమని ఒక ఆజ్ఞ ఇస్తే సరిపోతుంది. తేడా ఎంత ఉన్నదో గమనించడమే ఇక్కడ సగం వైద్యం.

మూడవది వైఫై. కొన్ని వైఫై చిప్పులకు తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేరు విడిగా కావాలి. దానిని దించుకోవాలంటే నెట్టు కావాలి. నెట్టు రావాలంటే అది కావాలి. ఈ చిక్కుముడికి మన చేతి ఫోనే మందు. ఫోనును తీగతో కంప్యూటరుకు తగిలించి, ఫోను అమరికలలో యు.ఎస్.బి. టెథరింగును ఆన్ చేస్తే లినక్సు దానిని తీగ నెట్టుగానే స్వీకరిస్తుంది. ఆ నెట్టుతో కావలసినది దించుకోవచ్చు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇటువంటి ఫర్మ్‌వేరును ఎక్కింపు ప్రతిలోనే చేర్చుతున్నారు కాబట్టి ఈ బాధ కొంత తగ్గింది.

ప్రింటరైనా, కెమెరా అయినా యు.ఎస్.బి. వస్తువు పలకనప్పుడు టెర్మినలు తెరిచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే అయిదు అక్షరాలను చిన్నబడిలో కలిపి కొట్టి ఎంటరు నొక్కండి. తగిలించిన వస్తువుల జాబితా వస్తుంది. అందులో మీ వస్తువు లేకపోతే లోపం తీగలోనో, రంధ్రంలోనో, వస్తువులోనో ఉన్నది. జాబితాలో ఉండీ పనిచేయకపోతే లోపం డ్రైవరులోనో అమరికలోనో ఉన్నది. ఒక్క పరీక్షతో వెతకవలసిన తావు సగానికి తగ్గింది. ధ్వని విషయంలో మరొక మాట: స్పీకర్లు బాగానే ఉండి, ధ్వని అమరికలలో దారి మానిటరు వైపు ఉండిపోవడం తరచుగా జరిగేదే. దారి మార్చితే పాట వినబడుతుంది.

ఇక కొత్త సవరణలు ఎక్కించిన మరునాడు యంత్రం లేవకపోతే బెంబేలు పడకండి. ఉబుంటు, డెబియన్ వంటివి పాత కెర్నలును కూడా అట్టిపెడతాయి. ఆన్ చేసేటప్పుడు ఎస్కేప్ మీటనో, షిఫ్టు మీటనో నొక్కితే ఒక పట్టిక వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ కింద నిన్నటి కెర్నలును ఎంచుకోండి. దానితో లేస్తే మీ ఫైళ్లు క్షేమం. కొత్త కెర్నలుకు సవరణ వచ్చేదాకా పాతదానితో గడపవచ్చు.

తెలుగు కనబడకపోతే, పడకపోతే

‘తెలుగు రావడం లేదు’ అని అందరూ ఒకే మాట అంటారు. ఆ మాట వెనుక నాలుగు వేర్వేరు రోగాలు ఉన్నాయి.

తెలుగుకు బదులు ఖాళీ గడులు కనబడితే తెలుగు ఫాంటు లేదన్నమాట. నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు, పోతన 2000 వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఒకటి ఎక్కించుకొంటే చాలు.

పాత ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు కలగాపులగంగా కనబడితే అది యూనికోడుకు ముందటి పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను అతికించిన ఫాంటుతో టైపు చేసినది. కొత్త ఫాంటు వేసినంత మాత్రాన అది తెలుగు కాదు. మార్పిడి సాఫ్ట్‌వేరుతో యూనికోడులోకి మార్చి, ఒత్తులనూ పొల్లులనూ ఒకరు కూర్చుని సరిచూడాలి. తాతగారి రచనలు అటువంటి ఫైళ్లలో ఉంటే పాత యంత్రాన్ని, పాత ఫాంటును ఆ పని ముగిసేదాకా వదలుకోకండి.

లిబ్రే ఆఫీసులో ఫాంటు ఎన్నిసార్లు మార్చినా తెలుగు అక్షరాల రూపం మారకపోతే కారణం వేరు. ఆ సాఫ్ట్‌వేరు ఇంగ్లీషుకు ఒక ఫాంటునూ, భారతీయ లిపులకు మరొక ఫాంటునూ విడిగా గుర్తుంచుకొంటుంది. టూల్స్ పట్టికలోని ఆప్షన్స్‌లో, భాషల విభాగంలో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ అన్న గడిలో గుర్తు పెట్టి తెలుగును ఎంచుకోండి. అప్పుడు మన లిపికి ఫాంటును వేరుగా నిర్ణయించే వీలు కలుగుతుంది.

తెలుగు చక్కగా కనబడుతూ, టైపు చేస్తే మాత్రం ఇంగ్లీషే పడుతుంటే కీబోర్డు అమరికను చేర్చలేదన్నమాట. అమరికలలోని కీబోర్డు విభాగంలో తెలుగును చేర్చుకోవాలి. గ్నోమ్ తెర ఉన్నవారు విండోస్ గుర్తు మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కి భాష మార్చవచ్చు.

ఇన్‌స్క్రిప్టు అమరికలో షిఫ్టు పట్టి డి నొక్కితే అ, సి నొక్కితే మ, డి నొక్కితే పొల్లు, మళ్లీ సి నొక్కితే మ. షిఫ్టు కాక రెండే మీటలతో ‘అమ్మ’ తెర మీదికి వచ్చింది. ఈ అమరికలో మనవారికి ఒక సౌలభ్యం ఉన్నది. కె మీట మీద తెలుగులో క ఉంటే కన్నడంలోనూ, ఒడియాలోనూ, మరాఠీలోనూ, తమిళంలోనూ క-యే ఉంటుంది. ఒక భాషకు వేళ్లు అలవాటైతే రెండవ భాష సులభం. అయితే బడిలో తమిళానికి తమిళ్ 99 అమరికనో, కన్నడానికి నుడి అమరికనో నేర్పినట్లయితే ఈ పోలిక వర్తించదు. ఆ బిడ్డకు తెలుగు మీటలను కొత్తగానే నేర్పాలి.

సాయం అడిగే తీరు

ఇంత చేసినా దారి దొరకకపోతే తెలిసినవారిని అడగాలి. ‘కంప్యూటరు పనిచేయడం లేదు’ అంటే ఎంతటి నిపుణుడూ ఏమీ చెప్పలేడు. ఈ సంగతులు చెప్పండి: యంత్రం ఏది, లినక్సు ఏది, ఎన్నవ రూపం, లోపం కనబడటానికి ముందు మీరు చేసిన పని ఏమిటి, తెర మీద వచ్చిన సందేశం ఏమిటి. సందేశాన్ని సొంత మాటల్లో చెప్పవద్దు. ఫోనుతో ఫోటో తీయండి. ఒకసారి ఒక మార్పే చేయండి. రెండు కలిపి చేస్తే ఏది ఫలించిందో తెలియదు. ఎవరో ఇచ్చిన ఆజ్ఞను, ముఖ్యంగా సుడో అన్న మాటతో మొదలయ్యేదానిని, అర్థం తెలియకుండా కొట్టకండి. దానికి యంత్రం మీద సర్వాధికారం ఉంటుంది.

కంప్యూటరు పక్కన ఒక నోటు పుస్తకం ఉంచండి. తేదీ, లోపం, చేసిన పని, ఫలితం తెలుగులో రాయండి. బరంపురంలోని యంత్రానికి వచ్చిన జబ్బే హోసూరులోని యంత్రానికీ వస్తుంది. మీరు రాసిన నాలుగు వాక్యాలు అక్కడి కుటుంబానికి ఒక దినం శ్రమను తప్పిస్తాయి. ఇంటికి వెళ్లగానే మొదట ఫైళ్ల నకలు తీయండి, పెన్‌డ్రైవును సిద్ధం చేసుకోండి. ఈ ఆదివారం అయిదు పరీక్షలూ చేయండి. ఫలితాలతో వచ్చే సమావేశానికి నోటు పుస్తకం తీసుకొని రండి. దానిని ముందు పెట్టుకొని మాట్లాడుకొందాం.